నాలుక చూపించే గేటు

నాకు అనుమానం ఎక్కువ. ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు, కాపురానికి వచ్చిన కొత్తలోనే మా అత్తగారు తేల్చేసింది. "దీనికి దేవుడు ప్రత్యక్షమైనా, దయ్యమేమోనని ముందు కాళ్ళవంక చూస్తుంది" అని వచ్చేపోయేవాళ్ళకి చెప్పేది. ఆవిడ తిట్టుగానే అనేది, నేను మాత్రం మెప్పుగానే తీసుకున్నాను. అనుమానం లేనివాళ్ళు సుఖంగా నిద్రపోతారు, నిజమే. వాళ్ళ చెంబులు కూడా అలాగే పోతాయి.

యుద్ధం నడుస్తున్న రోజులు. మాది పెడన, మగ్గాల ఇల్లు. నూలు కంట్రోలులోకి వెళ్ళాక మాలాంటి చిన్నవాళ్ళకి పోగు దొరకడం మానేసింది. మగ్గం గుంటలో పిల్లి ఈనడం చూసిన రోజున మా ఆయన ఇక లాభం లేదన్నారు. ఆయనా, మా మరిదీ, అత్తగారూ, నేనూ, కొత్తగా కాపురానికొచ్చిన మా తోటికోడలూ మూటలు కట్టుకుని బెజవాడ వచ్చాం. ఏలూరు కాలవ పక్క సందులో ఒక పెంకుటింటి వసారా అద్దెకు దొరికింది. మగవాళ్ళిద్దరూ రైల్వే గూడ్సు షెడ్డు దగ్గర మూటలు మోసే పనికి వెళ్ళేవాళ్ళు. ఆ పని ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నికరంగా వచ్చేది మా ఆడవాళ్ళిద్దరి కూలే. మేం సోడా కంపెనీలో సీసాలు కడిగేవాళ్ళం.

సోడా కంపెనీ అంటే బడ్డీకొట్టు వెనక ఉండే ఒంటి మిషను అనుకునేరు. బందరు కాలవ గట్టున పొడుగ్గా రేకుల షెడ్లు, గ్యాసు పట్టే మిషన్లు, సీసాల పెట్టెలు ఎత్తడానికి బళ్ళు, పడవలు. అక్కడ తయారైన తియ్యటి రంగు సోడాలు, కలర్లనేవాళ్ళం, ఇటు రైలెక్కి మిలట్రీ వాళ్ళ దాకా, అటు పడవెక్కి బందరు, చల్లపల్లి దాకా వెళ్ళేవి. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. సాయంత్రం ఎండ పడితే ఆ పెట్టెలు పెళ్ళిపందిరిలా ఉండేవి. మా తోటికోడలు చల్లపల్లి పక్క పల్లె పిల్ల. చిన్నప్పుడు తిరనాళ్ళలో ఎర్రకలరు ఒక్కసారి తాగిందట, దాని గురించి కంపెనీలో చేరిన రోజు నుంచీ నాకు చెబుతూనే ఉండేది. మెత్తని మనిషి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తప్పు తనదే అనుకునేది.

మా పని పెద్ద తొట్ల దగ్గర. ఊళ్ళ నుంచి తిరిగొచ్చిన ఖాళీ సీసాల్ని చాకలిసోడా నీళ్ళల్లో నానబెట్టి, పుల్లకి కట్టిన కుచ్చుతో లోపల తోమాలి. గోలీ సీసా మెడలో అడ్డం పడి ఓ పట్టాన తోమనిచ్చేది కాదు. సోడానీళ్ళకి అరచేతులు పొరలు లేచేవి. దానికి తోడు చీమలు. తాగినవాళ్ళు వదిలేసిన అడుగు చుక్కకి సీసా నిండా ఎర్రచీమలు పట్టి వచ్చేవి, పెట్టె దించగానే ముందు మా చేతుల మీదికి ఎక్కేవి. "కలరు వాళ్ళకీ కుట్టుడు మనకీనా అక్కా" అనేది మా తోటికోడలు.

అయినా ఆ కంపెనీలో ఒక మంచి అలవాటు ఉండేది. గోలీ సరిగా కూర్చోక గ్యాసు పోయిన సీసాలు రోజూ కొన్ని మిగిలేవి. మధ్యాహ్నం అన్నాల వేళ అవి మాకిచ్చేవాళ్ళు. ఖాళీ అయిన పంచదార గోతాలు కూడా వంతులవారీగా మాకే. ఆ గోతాన్ని ఇంట్లో చాపమీద దులిపితే పిల్లలున్న వాళ్ళకి గుప్పెడు పంచదార రాలేది. షావుకారు గారు పాడు మనిషి కాదు. మహా దైవభక్తి. లేకలేక పుట్టిన ఒక్కగానొక్క కొడుకు ఆయనకి. వాడి పుట్టువెంట్రుకలు తీయించిన రోజు కంపెనీ అందరికీ పులిహోర పెట్టారు.

ఉన్నట్టుండి ఈ అలవాట్లన్నీ ఆగిపోయాయి. గ్యాసు పోయిన సీసాలు తాగకూడదు, కాలవలోకి వెళ్ళే మురుగు తూములో పారబొయ్యాలి అన్నారు. అంతటితో ఆగలేదు. సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు ప్రతివాళ్ళూ గేటు దగ్గర జవానుకి నాలుక చూపించాలి. కలరు తాగితే రంగు నాలుకకి పట్టుకుని పూటదాకా వదలదు కదా, అందుకు. కిళ్ళీ వేసుకున్నా నాలుక పండుతుంది కనక ఆకూవక్కా కూడా బందు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నలుగురిలో నాలుక బయటపెట్టడం కాళికమ్మకి చెల్లింది గానీ సంసారులకి చెల్లుతుందా? పెద్ద పెద్ద ఆడవాళ్ళు, మనవలున్న వాళ్ళు, ఆ జవాను ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నాలుక కొస చూపించి తల దించుకుని వెళ్ళేవాళ్ళు. నేను మాత్రం మొత్తం బయటపెట్టి, కళ్ళు కూడా పెద్దవి చేసి నిలబడేదాన్ని. రెండో వారానికి ఆ జవాను నా వంతు వచ్చేసరికి ఆకాశం చూడటం మొదలెట్టాడు.

మా చేత పని చేయించే మేస్త్రీని అడిగాను. "తాగితే ఏమవుతుందండీ? ఎటూ పారబోసేదే కదా?"

"షావుకారు గారి ఆర్డరమ్మా. పంచదార కరువు. ఉయ్యూరు ఫ్యాక్టరీ నుంచి వచ్చేది మిలట్రీ వాళ్ళకే చాలట్లేదు."

"చాలకపోతే మరి తూములో పోయమంటారేంటండీ?"

అతను ఎవరో పిలిచినట్టు గ్యాసు మిషన్ల వైపు వెళ్ళిపోయాడు. ఎవరూ పిలవలేదు, నేను చూస్తూనే ఉన్నాను.

అక్కడ మొదలైంది నా అనుమానం పురుగు. ఉయ్యూరు పంచదార గోతాలు బండిలో గేటులోంచి లోపలికి రావడం అందరం చూసేవాళ్ళం. పాకం కలిపే గదికి కొత్త తాళం పడింది, అందులోకి షావుకారు గారూ మేస్త్రీ తప్ప ఎవరూ వెళ్ళకూడదు. సరే, వాళ్ళ ఎసెన్సు గుట్టు వాళ్ళది. కానీ వెళ్ళిన గోతాలు ఖాళీ అయి బయటికి రావాలి కదా? ఒక్క ఖాళీ గోతాం రాదు. అంటే ఆ గోతాలు విప్పనైనా లేదు, నిండుగా వచ్చినవి నిండుగానే కాలవ వైపు తలుపులోంచి ఎటో వెళుతున్నాయి. ఇది నేను కళ్ళతో చూడలేదు. చూడనిదాన్ని చూశానని చెప్పను. అనుమానం మాత్రం పడ్డాను.

ఇంట్లో చెబితే మా ఆయన కోప్పడ్డారు. "నీకెందుకే ఆ గోల? కూలిస్తున్నారా లేదా?" అన్నారు. మా అత్తగారు పైటతో విసురుకుంటూ, "రేపు సూర్యుడు కూడా తూర్పునే ఎందుకొచ్చాడని అడుగుతుంది" అంది. నోరు మూసుకున్నాను. కూలిస్తున్న మాట నిజమే.

ఎండలు ముదిరాయి. మా తోటికోడలు అప్పటికి వట్టిమనిషి కాదు. తొలిచూలు. అన్నం సయించేది కాదు, తొట్టి దగ్గర వంగి లేస్తే కళ్ళు తిరిగేవి. అయినా పని మానడానికి లేదు. గూడ్సు షెడ్డులో మగవాళ్ళకి పని దొరక్క చాలా రోజులైంది.

ఒక సాయంత్రం గేటు దగ్గర వరసలో నా ముందు తనే ఉంది. జవాను "ఊఁ" అన్నాడు. తను నోరు తెరవలేదు. మళ్ళీ "ఊఁ" అన్నాడు. కొంగు అడ్డం పెట్టుకుని కొంచెం తెరిచింది. వెనక నుంచి నాకు కనపడలేదు గానీ జవాను మొహం కనపడింది. "మేస్త్రీగారూ" అని పిలిచాడు. మేస్త్రీ వచ్చి చూశాడు. పక్కకి వంగి నేనూ చూశాను, నాలుక ఎర్రగా, తిరనాళ్ళ పిల్ల నాలుకలా ఉంది.

అతను అరుస్తాడనుకున్నాను. అరవలేదు. తనని రెండడుగులు పక్కకి తీసుకెళ్ళి మెల్లిగా అడిగాడు, "తాగితే తాగావు గానీ, ఎలా ఉందే?" తను బెదిరిపోయి, "నేను తాగలేదండీ" అంది. అప్పుడు గొంతు పెంచాడు. దొంగతనం చేసిందనీ, రేపటి నుంచి రావద్దనీ అందరికీ వినపడేట్టు చెప్పాడు.

ఆ మాట మాకంటే ముందు ఇంటికి చేరింది. మా సందులో సగం మంది అలాంటి కంపెనీల్లోనే పనిచేసేవాళ్ళు. ఒకచోట దొంగ అనిపించుకున్న ఆడదాన్ని బియ్యం మిల్లులో రానివ్వరు, పొగాకు కొట్టులో రానివ్వరు. ఆ కూలి పోతే మా ఐదుగురికీ రెండు పూటలు గడవడం కల్ల. మా మరిది కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచాడు. "దొంగ మొగుణ్ణి అనిపించుకోలేను. దింపి వస్తాను, వాళ్ళ ఊళ్ళో ఉండమను" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో ఎవరున్నారు? అమ్మ లేదు, సవతితల్లి. నీళ్ళోసుకున్న పిల్లని దొంగ పేరుతో ఆ గడపలో దింపితే ఏమవుతుందో నాకు తెలుసు. అత్తగారికీ తెలుసు, అయినా కంచాలు తీసుకుని లేచింది.

మర్నాడు తెల్లారి కాలవ రేవులో బట్టలు ఉతుకుతూ అడిగాను. "నా దగ్గర దాచకు. తాగావా?"

తను చేతిలో బట్ట గట్టిగా పిండింది. "కళ్ళు తిరిగాయక్కా. పారబొయ్యమన్న సీసానే. రెండు గుక్కలు."

తన మీద నాకు కోపం రాలేదు. పారబోసేది తాగింది, తూము నోట్లోది తన నోట్లో పోసుకుంది. దానికి దొంగ అంటారా?

"తిరనాళ్ళ కలరులా ఉంటుందనుకున్నా" అంది తను, "అలా లేదక్కా. ముందు తియ్యగానే ఉంది, గొంతు దిగాక ఒకటే చేదు. ఎన్ని నీళ్ళు తాగినా ఇంటికొచ్చేదాకా నాలిక మీంచి పోలేదు."

చేతిలో చీర అలాగే ఆగిపోయింది. ఆ చేదు నేనెరుగుదును. పంచదార కరువొచ్చాక స్టేషను దగ్గర కాఫీ హోటళ్ళలో శాకరిన్ అని తెల్లటి పొడి వేసేవాళ్ళు. చిటికెడు చాలు, గంగాళం తియ్యబడుతుంది. తాగిన వాళ్ళకి గొంతులో చేదు మిగులుతుంది. మా ఆయన ఒకసారి తాగొచ్చి పొద్దస్తమానం ఉమ్ముతూనే ఉన్నారు.

ఆ రోజు తొట్టి దగ్గర కూర్చుని ఖాళీ సీసాల పెట్టె దించాను. చేతులు చూసుకున్నాను. ఎన్నాళ్ళయింది చీమ కుట్టి? తిరిగొచ్చిన సీసాల అడుగున ఎర్ర చుక్క ఎండిపోయి ఉంది, చుట్టూ ఒక్క చీమ లేదు. లేచి వెళ్ళి మురుగు తూము చూశాను. కలరు సీసాలు పోసి పోసి తూము అంచు ఎర్రబారింది. అక్కడా లేవు. బెల్లం ఉన్నచోటే చీమలంటారు. కంట్రోలు పంచదారంతా బ్లాకులో అమ్ముకుని, జనానికి పొడి నీళ్ళు పోస్తున్నారు. నాలుకలు చూసేది మేం తాగితే పంచదార తరుగుతుందని కాదు. తాగినవాళ్ళకి తెలిసిపోతుందని. "ఎలా ఉందే" అని మేస్త్రీ అడిగింది అందుకే. ఉత్తినే పనిలోంచి తీసెయ్యడం కాదు, దొంగ ముద్ర వేస్తే ఇక ఆ పిల్ల ఏం చెప్పినా ఎవరూ నమ్మరు.

తెలుసుకుని ఏం చేస్తాను? పోలీసుల దగ్గరికి వెళ్ళే మొహమా నాది? షావుకారు గారి కలర్లు పోలీసు స్టేషనుకి కూడా పెట్టెలతో వెళ్ళేవి. మేస్త్రీనే బతిమాలాను. "చూలాలు, దయ చూపించండి" అన్నాను. అతను లోపలికి వెళ్ళి వచ్చాడు. "షావుకారు గారు ధర్మాత్ములు. ఆ పిల్ల తాగలేదంటోంది కదా. శుక్రవారం అందరి ముందూ కర్పూరం ఆర్పి ఆ మాటే చెప్పమను. మళ్ళీ పనిలోకి తీసుకుంటారు" అన్నాడు.

మా వైపు అది మామూలు ప్రమాణం కాదు. అమ్మవారి పటం ముందు కర్పూరం వెలిగించి, చెప్పింది నిజమని అరచేత్తో ఆ మంట ఆర్పాలి. అబద్ధమైతే ఆ పాపం కన్నబిడ్డలకి తగులుతుంది. కడుపుతో ఉన్న ఆడది చచ్చినా అబద్ధానికి ఆ పని చెయ్యదని వాళ్ళకి తెలుసు. తెలిసే పెట్టారు.

ఇంట్లో మాత్రం దారి దొరికిందన్నట్టు ఊపిరి పీల్చుకున్నారు. "తాగకపోతే ఆర్పడానికేం?" అంది అత్తగారు. "ఆర్పి రా, లేకపోతే మీ ఊరికి మూట సర్దుకో" అన్నాడు మరిది. తను నిజంగా తాగిందని ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే. తను నా వంక చూసి తల వంచుకుంది.

శుక్రవారం సాయంత్రం పని వదిలేశాక గేటు లోపల అందరం గుమిగూడాం. స్టూలు మీద అమ్మవారి పటం, ముందు ఇత్తడి పళ్ళెం. షావుకారు గారు తెల్లటి ఉత్తరీయం వేసుకుని, విభూతి పెట్టుకుని వచ్చారు. ఆయన పక్కన ఆ కొడుకు, పట్టు లాగూ వేసుకుని తండ్రి చెయ్యి పట్టుకుని ఉన్నాడు. మేస్త్రీ కర్పూరం ముద్ద వెలిగించాడు. "రా అమ్మా" అని మా తోటికోడల్ని పిలిచాడు.

నేను ముందుకి వెళ్ళి తనకి అడ్డంగా నిలబడ్డాను. నా కూలి కూడా ఈ పూటతో సరి అనుకున్నాను. "షావుకారు గారూ, ఒక్క మాటండీ" అన్నాను.

"చెప్పమ్మా."

"కలరు తాగలేదని మా పిల్ల ఆర్పుతుందండీ. ఆ కలర్లో ఉన్నది పంచదారేనని ముందు తమరు ఒక్కసారి ఆర్పండి. తమరి వెనకే ఇదీ ఆర్పుతుంది."

"ఏంటే ఆ వాగుడు?" అని మేస్త్రీ మీదికొచ్చాడు. షావుకారు గారు చేత్తో ఆపారు. నన్ను ఎప్పుడూ చూడనట్టు చూశారు.

"పంచదార కాదని ఎవరన్నారమ్మా?"

"ఎవరూ అనలేదండీ. నేనూ అనలేదు. ఆర్పమన్నానంతేనండి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మేస్త్రీ వెనక్కి తిరిగి పాకం గది వైపు చూశాడు. కర్పూరం మండుతూనే ఉంది. షావుకారు గారి చెయ్యి ఒకసారి కొంచెం లేచింది, పళ్ళెం దాకా రాలేదు. ఆ చేతిని కొడుకు పట్టుకునే ఉన్నాడు. "నాన్నా, ఆర్పెయ్యి" అన్నాడు వాడు ఆటలాగా. ఆయన వాణ్ణి దగ్గరికి లాక్కున్నారు.

కర్పూరం ఎంతసేపు మండుతుంది? ముద్ద చిన్నదై, నీలంగా మారి, దానంతటదే ఆరిపోయింది. పళ్ళెంలో నల్లటి మరక మిగిలింది. ఎవరూ ఆర్పలేదు.

"రేపు ఆ పిల్లని పనిలోకి రమ్మను" అని మేస్త్రీతో చెప్పి, కొడుకుని ఎత్తుకుని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి గేటు దగ్గర నాలుకలు అడగలేదు. నేను మాత్రం తాంబూలం దట్టించి, అడగకపోయినా జవానుకి నాలుక చూపించి వెళ్ళాను. పాపం అతను నవ్వాడు. ఇంట్లో మరిది మూట మాట మళ్ళీ ఎత్తలేదు, అత్తగారు ఆ పిల్లకి ఒక ముద్ద ఎక్కువ పెట్టింది. నాలుగు రోజులకి తిరిగొచ్చిన ఖాళీ సీసాల పెట్టెలకి బ్రహ్మాండంగా చీమలు పట్టి వచ్చాయి. "చూశారా" అన్నట్టు మేస్త్రీ తనే తెచ్చి మా ముందు దించాడు. పెట్టె చెక్క మీద ఎవరో బెల్లం నీళ్ళు చల్లినట్టున్నారు, బయటంతా చీమలే. సీసాలెత్తి చూశాను, లోపల ఒక్కటీ లేదు. మేమిద్దరం తొట్టి మీద వంగి కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వుకున్నాం.

నవ్వు తగ్గాక, సీసా తోముతూ తోముతూ తను అంది, "అక్కా, ఆ రోజు నువ్వు అడ్డం రాకపోతే నేను ఆర్పేసేదాన్ని."

నాకు అర్థం కాలేదు. "తాగి కూడానా?"

"తాగి కూడా."

"కడుపులో బిడ్డ ఉందే, ఆ పాపం దానికి తగులుతుందని తెలీదా?"

తను నా వంక చూడలేదు. పుల్ల తీసి మరో సీసాలో పెట్టింది.

"బిడ్డ కోసమే కదక్కా" అంది.